కప్పు ఎవరి ఖాతాలో?

ప్రేక్షకుడు : ముందు ఒక లెక్క తేల్చు బాబూ. మన ఊరు గెలిచిందని మనం టపాసులు కాల్చిన కప్పుల్లో మన ఊళ్ళో గెలిచినవి ఎన్ని? 2009 మే 24న ఐపీఎల్ ఫైనల్లో డెక్కన్ ఛార్జర్స్ 6 పరుగుల తేడాతో బెంగళూరును ఓడించింది, జొహానెస్‌బర్గ్‌లో. 2016 మే 29న సన్‌రైజర్స్ మళ్ళీ అదే బెంగళూరును 8 పరుగులతో ఓడించింది, వాళ్ళ మైదానంలోనే. 2019లో సింధు బ్యాడ్మింటన్ ప్రపంచ ఛాంపియన్ అయింది బాసెల్‌లో. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ కప్పు ఎత్తింది గోవాలో. అన్నిసార్లూ నువ్వు లింగంపల్లిలో టీవీ ముందే ఉన్నావు. ‘గెలిచాం’ అంటావు. అందులో నువ్వు చేసిందేమిటి?

అభిమాని : ఒకటి వదిలేశారు అంకుల్. 2018 జనవరిలో హైదరాబాద్ హంటర్స్ బ్యాడ్మింటన్ లీగ్ గెలిచింది మన గచ్చిబౌలిలోనే, బెంగళూరును 4-3తో ఓడించి. మిగతా లెక్క ఒప్పుకుంటాను. అయితే కప్పు ఎక్కడ ఎత్తారని కాదు, జట్టు ఓడుతున్నప్పుడు ఎవరు కూర్చున్నారని నేను చూస్తాను. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో పుట్టింది. సొంతగడ్డ మీద మొదటి ఆటలో కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో గెలిచింది. ఆ తర్వాత ఓటమి మీద ఓటమి. పది జట్లలో పదో స్థానం. ఆ సీజన్లో గచ్చిబౌలికి వచ్చినవాళ్ళు కప్పుకి ఆశపడి వచ్చినవాళ్ళు కాదు. ఆ వెంటనే కరోనా. రెండు సీజన్లు జట్టంతా గోవాలో. గ్యాలరీలోకి అడుగుపెట్టే వీల్లేని రోజుల్లో వాళ్ళు ఎదిగి, గెలిచారు. 2020లో అట్టడుగున చూసినవాడు 2022లో ‘గెలిచాం’ అంటే, ఆ మాటకి వాడు ముందే ధర కట్టాడు.

ప్రేక్షకుడు : హంటర్స్ పేరు నువ్వే ఎత్తావు, మంచిది. ఆ జట్టులో పెద్ద పేరు ఎవరిది? కరోలినా మారిన్‌ది. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో సింధును ఓడించిన స్పెయిన్ అమ్మాయి. ఆ ఆగస్టులోనే సింధు రజతంతో దిగితే శంషాబాద్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఊరేగించాం. ఏడాదిన్నర తిరక్కుండానే అదే గచ్చిబౌలిలో మారిన్‌కి జేజేలు. సింధేమో ఆ సీజన్లో చెన్నై తరఫున ఆడింది. ఇంకా వెనక్కి వెళ్ళు. 2013లో మొట్టమొదటి బ్యాడ్మింటన్ లీగ్ హైదరాబాద్ హాట్‌షాట్స్‌దే. ఫైనల్లో మన సైనా ఓడించింది ఎవరిని? లక్నో జట్టుకి ఆడిన మన సింధుని. హైదరాబాద్ గెలిచిందని గంతులేసినవాడు, హైదరాబాద్ పిల్ల ఓడిందని బాధపడాలా వద్దా?

అభిమాని : రెండూ పడాలి. అందులో నాకు ఇబ్బందేమీ లేదు. మారిన్ ఊరు ఏదని మీరు అడుగుతున్నారు. నా ఊరు ఏదని కూడా అడగండి మరి. నేను కాకినాడవాణ్ణి. శుక్రవారం సాయంత్రం లింగంపల్లి స్టేషన్‌కి వెళ్ళి చూడండి. గౌతమి ఎక్కేవాళ్ళు, నర్సాపూర్ ఎక్కేవాళ్ళు, వీపున ల్యాప్‌టాప్ సంచితో పరిగెత్తేవాళ్ళు. నల్లగండ్ల నుంచి మాదాపూర్ దాకా మాలో చాలామందికి ఇల్లు ఇక్కడ, ఊరు అక్కడ. సంక్రాంతికి ఈ రోడ్లు ఖాళీ అయిపోతాయి. 2009లో కెప్టెన్ గిల్‌క్రిస్ట్, 2016లో వార్నర్, ఇద్దరూ ఆస్ట్రేలియావాళ్ళే. ఎక్కడి నుంచో వచ్చి ఇక్కడి పేరు మీద చెమటోడ్చినవాడు పరాయివాడైతే, నేనూ పరాయివాణ్ణే. నేను హైదరాబాదీని అయింది ఆధార్‌లో చిరునామా మార్చినందుకు కాదు అంకుల్. పక్క సీట్లో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి, గోల్ పడగానే నన్ను కౌగలించుకున్నందుకు.

ప్రేక్షకుడు : ఆ కౌగిలి విలువ నేను తక్కువ చేయను. కొత్తగా వచ్చినవాడికి ఊరు అంత తొందరగా దొరికే చోటు ఇంకొకటి లేదు. గుళ్ళో దొరకదు, ఆఫీసులో దొరకదు. కానీ నువ్వు ఇక్కడ ఫ్లాటు కొన్నావు, నీ పిల్లలు ఇక్కడ చదువుకుంటున్నారు. నువ్వు వెళ్ళిపోవాలంటే నీకు కష్టం. జట్టుకి ఆ కష్టం లేదు. వార్నర్ సంగతే చూడు. 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చాడు. లాక్‌డౌన్‌లో తెలుగు పాటలకి డ్యాన్సులేసి మన ఇళ్ళలోకి వచ్చేశాడు. 2021లో సీజన్ నడుస్తుండగానే కెప్టెన్సీ తీసేశారు, ఆ తర్వాత జట్టులోంచే తప్పించారు. 2022 మే 5న ఢిల్లీ తరఫున మనమీదే 92 నాటౌట్. ఆ రోజు నువ్వు ఎవరివైపు?

అభిమాని : వార్నర్ కొట్టాలి, మనం గెలవాలి. ఆ రోజు సగం హైదరాబాద్ అదే కోరుకుంది.

ప్రేక్షకుడు : వార్నర్ కొట్టాడు, మనం ఓడాం. చూశావా, నీ మనసు ఆటగాడి దగ్గరుంది, చొక్కా జట్టుది, డబ్బు యాజమాన్యానిది. యాజమాన్యానికి మాత్రం నీమీద ఏ బాధ్యతా లేదు. డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు గెలిచింది కదా. మరుసటి ఏడాది డిఫెండింగ్ ఛాంపియన్‌గా హైదరాబాద్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడింది? ఒక్కటీ లేదు. తెలంగాణ ఉద్యమం రోజులని సొంత మ్యాచ్‌లన్నీ నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకి తరలించారు. 2012లో ఆ జట్టునే రద్దు చేసేశారు. దాని స్థానంలో చెన్నైకి చెందిన సన్ టీవీ కొత్త జట్టు పెట్టుకుంది. ఆ సన్‌రైజర్సే 2025లో క్రికెట్ సంఘంతో ఉచిత పాసుల గొడవ వస్తే వేదిక మార్చుకుంటామన్న మాట ఎత్తింది. ఇక నీ ఫుట్‌బాల్ జట్టు ఏకంగా ఢిల్లీ వెళ్ళిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. అద్దె ఇంటికి సొంత డబ్బుతో రంగులు వేయించుకున్న పని కాదా ఇది?

అభిమాని : అద్దె ఇంట్లో కూడా పిల్లలు పెరిగి పెద్దవాళ్ళవుతారు అంకుల్. ఇల్లు మాది కాదని ఆ ఏళ్ళు మావి కాకుండా పోవు. 2022 ఫైనల్ తీసుకోండి. ఆ ఒక్క ఆటకీ జనాన్ని రానిచ్చారు కానీ, ఫటోర్డా స్టేడియం గ్యాలరీలు దాదాపు మొత్తం కేరళవాళ్ళవే. లీగ్‌లో మన స్థానం పైన ఉంది కాబట్టి పసుపు చొక్కా మనకి దక్కింది. పసుపే ప్రాణమైన బ్లాస్టర్స్ నల్లచొక్కాలో దిగాల్సి వచ్చింది. 68వ నిమిషంలో వాళ్ళ రాహుల్ గోల్ కొట్టాడు. మనకి ఇక రెండు నిమిషాలు మిగిలాయనగా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన దెబ్బకి స్కోరు సమమైంది. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఆ గోల్‌కీపర్ గోవావాడు, కోచ్ మనోలో మార్కెజ్ స్పెయిన్‌వాడు, 18 గోల్స్‌తో ఆ సీజన్ గోల్డెన్ బూట్ కొట్టిన ఓగ్బెచే నైజీరియావాడు. సరే. కానీ ఆ రాత్రి ఆ గెలుపు కోసం గుండె చేత్తో పట్టుకున్నవాళ్ళు ఎక్కడున్నారు? గోవాలో లేరు, కంపెనీ బోర్డురూమ్‌లో లేరు. ఇక్కడ ఉన్నారు. మొత్తం వ్యవహారంలో అచ్చంగా హైదరాబాద్‌ది అనదగ్గది మేం ఒక్కళ్ళమే.

ప్రేక్షకుడు : ఇది నువ్వు ఇప్పటిదాకా చెప్పినవాటిలో గట్టి మాట. ఒప్పుకుంటున్నాను. కానీ గెలుపు వరసగా వస్తుంటే ఆ ‘మేం’ ఏమవుతుందో కూడా చెప్పు. 2024లో సన్‌రైజర్స్ ముంబై మీద 277, బెంగళూరు మీద 287 కొట్టింది. అప్పట్నుంచి 230 కొడితే పెదవి విరుపు. ఫైనల్లో కోల్‌కతా చేతిలో 113కి ఆలౌటయ్యారు. ఒక ఏడాదంతా ఆనందం పంచిన జట్టుని ఒక్క రాత్రిలో తిట్టి పోశారు. 2025 మొదటి మ్యాచ్‌లో 286 చేస్తే 300 ఎందుకు చేయలేదని చర్చ. ఆఖరికి ఆరో స్థానం. నాకు ఆ 113 కూడా ఆటలో భాగమే. నువ్వు మాత్రం మోసపోయినట్టు బాధపడ్డావు. అభిమానం ముదిరితే ఆటని చూడనివ్వదు బాబూ.

అభిమాని : దీనికి ఎదురు చెప్పలేను. ఫుట్‌బాల్‌లోనూ ఇదే చూశాను. 2020లో అట్టడుగున ఉన్నప్పుడు మాలో ఎవరికీ కోపం లేదు. కప్పు గెలిచాక 2022-23లో లీగ్‌లో రెండో స్థానం వచ్చింది. సెమీఫైనల్ రెండు ఆటల్లోనూ ఒక్క గోల్ ఇవ్వలేదు, కోల్‌కతాలో పెనాల్టీల్లో ఓడాం. అది గొప్ప సీజనే. అయినా ఆ ఓటమి మమ్మల్ని చేదుగా మార్చింది. గెలుపు వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. జట్టు గెలుస్తున్నప్పుడు పాతవాడికీ, నిన్న సాయంత్రం చొక్కా కొనుక్కున్నవాడికీ తేడా కనబడదు. ఓడితేనే ఎవరు ఎవరో తెలుస్తుంది.

ప్రేక్షకుడు : అంటే నీకు కావలసింది సీనియారిటీయా? ఆఫీసులో ఉన్నది చాలదా?

అభిమాని : అడిగినందుకు నిజం చెప్తాను. కొంత అదే. కానీ 2023-24 గురించి కూడా వినండి. డబ్బు ఇబ్బందులు. కొత్త ఆటగాళ్ళని నమోదు చేసుకోకుండా నిషేధం. పెద్ద పేర్లన్నీ వెళ్ళిపోయాయి. సహాయ కోచ్‌గా ఉన్న థాంగ్‌బోయ్ సింగ్టో కుర్రాళ్ళని పెట్టుకుని నెట్టుకొచ్చాడు. సీజన్ మొత్తానికి ఒక్క గెలుపు, 8 పాయింట్లు, చిట్టచివరి స్థానం. రెండేళ్ళ కిందటి ఛాంపియన్లు! ఆ గ్యాలరీలో మా అభిమానుల బృందం డెక్కన్ లీజియన్ వాళ్ళు డప్పు కొట్టారంటే దాని వల్ల యాజమాన్యానికి లాభం లేదు, పట్టికలో మార్పు లేదు. మైదానంలో ఉన్న ఆ కుర్రాళ్ళకి మాత్రం తేడా ఉంది. ‘ఆట బాగుంటే వస్తాను’ అనే మీలాంటి పెద్దమనిషి ఆ ఏడాది వచ్చేవాడా?

ప్రేక్షకుడు : రాలేదు. వచ్చేవాణ్ణీ కాదు. కానీ నన్ను ఆట ప్రేమించనివాడి కింద జమకట్టకు. నేను బీహెచ్ఈఎల్‌లో చేరకముందు, మా నాన్న హైదరాబాద్ పోలీస్ జట్టు గురించి చెప్తుంటే విని పెరిగాను. ఫ్రాంచైజీ కాదు, వేలంపాట లేదు. పోలీసు శాఖలో ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరసగా ఐదుసార్లు గెలిచింది ఆ జట్టు. 1950లో డ్యూరాండ్ కప్పు కూడా. వాళ్ళ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ దేశానికి కోచ్ అయ్యాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం. కేన్సర్‌తోనే ఆ స్వర్ణం తెచ్చి, మరుసటి ఏడాది పోయాడు. ఒక ఊరికి విజయాల వరస అంటే అది. అలాంటిదే పోయింది. జట్టుకి విశ్వాసం ఇచ్చినవాళ్ళకి ఏం మిగిలింది? ఆటకి ఇచ్చినవాడికైతే ఆట మిగులుతుంది.

అభిమాని : అది ఎందుకు పోయిందో కూడా చెప్పండి. తులసీదాస్ బలరామ్ మన సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు. అంతటి ఆటగాడు కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. బెంగాల్లోనే బతికి, 2023లో అక్కడే పోయాడు. ఎందుకు వెళ్ళాడు? అక్కడ వర్షంలో తడుస్తూ నిలబడే జనం ఉన్నారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ వందేళ్ళు దాటి ఎందుకు బతికున్నాయి? ఆట బాగున్నప్పుడే వచ్చే రసికులు నిలబెట్టలేదు వాటిని. తండ్రి చెప్పాడని కొడుకు, కొడుకుని చూసి మనవడు, ఓడినా గెలిచినా వెళ్ళే మొండివాళ్ళు నిలబెట్టారు. మన పోలీస్ జట్టుకి శాఖ ఉంది, కోచ్ ఉన్నాడు, ఆటగాళ్ళున్నారు. లేనిది అలాంటి జనమే. మీరు అంత గొప్పగా చెప్పుకునే జట్టుని చంపింది మీ పద్ధతే అంకుల్.

ప్రేక్షకుడు : ... గట్టిగానే తగిలింది. పూర్తిగా కాదనలేను. శాఖల జట్ల కాలమే అయిపోయిందన్న కారణమూ ఉంది, కానీ నువ్వు చెప్పింది కూడా ఉంది. అయితే మోహన్ బగాన్ కథ పూర్తిగా చెప్పు. అక్కడ క్లబ్బుకి సభ్యులుంటారు. 2020లో ఏటీకే అనే ఐఎస్ఎల్ జట్టుతో కలిపి పేరు ముందు ‘ఏటీకే’ తగిలిస్తే అభిమానులు ఏళ్ళతరబడి గొడవ చేశారు. 2023లో కప్పు గెలిచిన రాత్రే యజమాని ఆ మూడక్షరాలు తీసేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. వాళ్ళ విశ్వాసానికి పళ్ళున్నాయి. నీకేముంది? ఒక చొక్కా, ఒక సీజన్ టికెట్.

అభిమాని : పళ్ళు ముందు రావు. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్బుని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి అనుమతిచ్చిన 2002లోనే ఆ అభిమానులు సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నారు. కింది అంతస్తు నుంచి మొదలెట్టి 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చేశారు. పిచ్చి ముందు, హక్కు తర్వాత.

ప్రేక్షకుడు : బాగుంది. మరి నీ జట్టు ఢిల్లీ వెళ్ళాక నువ్వు ఏ జట్టు పెట్టావు? ఊళ్ళో జరిగే లీగు మ్యాచ్ ఒక్కటైనా చూశావా? 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది, బెంగాల్ 1-0తో కేరళని ఓడించింది. వెళ్ళావా?

అభిమాని : లేదు. మన జట్టు లేదని వెళ్ళలేదు.

ప్రేక్షకుడు : నేను వెళ్ళాను. ఏ జట్టూ నాది కాదు కాబట్టే వెళ్ళగలిగాను. ఇంకో మాట. ఈ ఊరికి నిజంగా దక్కిన విజయాల వరస ఏది? ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న గోపీచంద్ అకాడమీది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినాయన ఇల్లు తాకట్టు పెట్టి, నిమ్మగడ్డ ప్రసాద్ ఇచ్చిన 5 కోట్లు తోడుచేసుకుని 2008లో నిలబెట్టాడు. 2012 ఒలింపిక్స్‌లో సైనా కాంస్యం, 2016 ఒలింపిక్స్‌లో సింధు రజతం, 2017లో శ్రీకాంత్ ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్‌లు, 2019లో సింధు ప్రపంచ స్వర్ణం, 2022లో బ్యాంకాక్‌లో థామస్ కప్పు. ఆ ఫైనల్లో ఆఖరి మ్యాచ్ గెలిచింది శ్రీకాంతే. ఇందులో గ్యాలరీ పాత్ర ఎంత? తెల్లారకముందే లేచే పిల్లలు, వాళ్ళని తీసుకెళ్ళే తల్లిదండ్రులు. డప్పులతో పని లేకుండానే వచ్చాయి ఇవన్నీ.

అభిమాని : ఆ తల్లిదండ్రులు ఎక్కణ్ణుంచి వచ్చారు? 2016 ఆగస్టులో రోడ్డు పక్కన నిలబడి సింధు బస్సు చూసినవాళ్ళలోంచే కదా. ఇవాళ నల్లగండ్ల, తెల్లాపూర్ సందుల్లో బ్యాడ్మింటన్ కోర్టు లేని సందు ఉందా? పైగా మనుషుల్ని నమ్ముకున్నా మీ కష్టం తీరదు. సైనా 2014లో బెంగళూరు వెళ్ళి విమల్ కుమార్ దగ్గర సాధన చేసింది, 2017లో తిరిగొచ్చింది. ఆ మూడేళ్ళు మీరు ఆమె మీద అభిమానం ఆపేశారా?

ప్రేక్షకుడు : ఆపలేదు. ఆమె వెళ్ళింది ఆట కోసం. జట్టు వెళ్ళింది లాభనష్టాల కోసం. ఇక నీకు నచ్చని ప్రశ్న అడుగుతాను. హైదరాబాద్ ఎఫ్‌సీ ఎక్కణ్ణుంచి వచ్చింది?

అభిమాని : పుణే నుంచి. 2019లో పుణే సిటీ క్లబ్బు మూతపడితే ఆ చోటు మనకొచ్చింది. ఆటగాళ్ళు కొందరు అక్కడివాళ్ళే.

ప్రేక్షకుడు : పుణేలోనూ గ్యాలరీ ఉండేది. నీలాగే ఓడినా వెళ్ళినవాళ్ళుండేవాళ్ళు. కేరళని గెలిచిన ఆ మొదటి సాయంత్రం వాళ్ళు నీకు గుర్తొచ్చారా?

అభిమాని : రాలేదు. మాకు జరిగాకే వాళ్ళ సంగతి తెలిసొచ్చింది.

ప్రేక్షకుడు : రేపు ఇంకో ఊరి జట్టుని తెచ్చి, పేరు మార్చి గచ్చిబౌలిలో దింపితే? వెళ్తావా?

అభిమాని : వెళ్తాను. వెళ్ళకుండా ఉండలేను. ఈసారి సభ్యత్వం అడుగుతాం, రాతపూర్వకంగా అడుగుతాం, ఆ ఊరి అభిమానుల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాం. కానీ వెళ్తాను.

ప్రేక్షకుడు : ఎలాగూ వస్తావని తెలిసినవాడు నీకు రాతపూర్వకంగా ఏమిస్తాడు? నీ దగ్గర ఉన్న బేరం ఒక్కటే, రాకుండా ఉండటం. దాన్ని మొదటి రోజే వదిలేస్తున్నావు.

అభిమాని : మీ దగ్గర ఆ బేరం ఎప్పుడూ ఉంది కదా అంకుల్. దాంతో ఏ జట్టునైనా ఆపగలిగారా? బాగోకపోతే లేచిపోయేవాళ్ళ మాట ఏ యజమానీ వినడు, వాళ్ళు ఎలాగూ లేచిపోతారని వాడికి తెలుసు. కలకత్తాలో ఆ పేరు మార్పించింది లేచిపోయినవాళ్ళు కాదు, కూర్చునే తిట్టినవాళ్ళు.

ప్రేక్షకుడు : వాళ్ళకి వందేళ్ళ క్లబ్బు ఉంది, కూర్చోవడానికి కుర్చీ ఉంది. నీ కుర్చీ ఢిల్లీ వెళ్ళింది. లేని కుర్చీలో కూర్చుని ఎవరిని తిడతావు?

అభిమాని : అందుకే కొత్త కుర్చీ కావాలి. ఊళ్ళో లీగు మ్యాచ్ ఎప్పుడుందో మీకు తెలుసు, ఓడే జట్టు పక్కన కూర్చోవడం నాకు తెలుసు. ఈ ఆదివారం నేను వస్తాను. వచ్చే ఏడాది కూడా అదే జట్టు కోసం, అది ఇంకా ఘోరంగా ఆడినా, మీరు వస్తారా?

ప్రేక్షకుడు : ఆ మాట మాత్రం ఇవ్వను.